పాత డెస్క్‌టాప్‌కి ఏ ఎస్‌ఎస్‌డీ మేలు: సాటానా, ఎన్‌వీఎంఈనా?

"పాత సిస్టమ్‌కి ఎస్‌ఎస్‌డీ వేయిద్దామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావ్?" అని నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతున్నారు. పోయిన నెల మా బావగారి ఆఫీసు కంప్యూటర్‌కి నేనే దగ్గరుండి వేశాను. అది తాజాగా గుర్తుండగానే రాస్తున్నాను. ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్ బదులు వాడే, చిప్‌ల మీద డేటా దాచే డ్రైవ్. సాటా రకం పాత హార్డ్ డిస్క్ కేబుల్‌కే తగులుతుంది, ఎన్‌వీఎంఈ రకం పీసీఐఈ అనే ఇంకా వేగమైన దారిలో నడుస్తుంది.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యాక్స్ రిటర్నులు వేస్తారు. ఇంటెల్ మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పొద్దున్నే ఆన్ చేస్తే ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) తెరుచుకునేసరికి ఆరు నిమిషాలు. టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను: డిస్క్ 100 శాతం, కింద వేగం చూస్తే సెకనుకి 1.2 ఎంబీ. "ఏంటి బామ్మర్దీ, నూరు శాతం కష్టపడితే వచ్చేది ఇంతేనా?" అన్నారు.

ఏ ఎస్‌ఎస్‌డీ కొనాలన్నది ఆ ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం తేలిపోతుంది. హార్డ్ డిస్క్ నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన డేటా ముక్క హెడ్ (డిస్క్‌ని చదివే భాగం) కిందకి రావాలంటే సగటున సగం చుట్టు ఆగాలి. అంతకుముందు హెడ్ ఆ ట్రాక్ దగ్గరకి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం 12, 13 అనుకుంటే సెకనుకి 80 ముక్కలు. విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది ఎక్కువగా చిన్న చిన్న ముక్కలే. ఒక్కోటి 4 కేబీ వేసుకుంటే సెకనుకి 320 కేబీ. డిస్క్ పాపం పరుగెత్తుతూనే ఉంటుంది, మనకి మాత్రం ఏమీ అందదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఒక్కో ముక్కకి 0.1 మిల్లీసెకను చాలు. అదే లెక్కన సెకనుకి 10 వేల ముక్కలు, దాదాపు 40 ఎంబీ.

ఈ 40ని గుర్తుపెట్టుకోండి. "మీ బోర్డులో సాటా 2 పోర్టులే ఉన్నాయి, ఎస్‌ఎస్‌డీ వేసినా దండగ" అని చాలామంది భయపెడతారు. హెచ్61లో ఉన్నవి సెకనుకి 3 గిగాబిట్ల పోర్టులే, నిజమే. పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తే సెకనుకి 550 ఎంబీ రావలసింది 270, 280 దగ్గర ఆగుతుంది. కానీ రోజంతా మనల్ని విసిగించే చిన్న ముక్కలకి 40 ఎంబీ దారి చాలు. ఆ పోర్టు దారి దానికి ఆరు రెట్లకి పైనే ఉంది. అందుకే పాత బోర్డుకి మామూలు రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అంటేనే నా ఓటు.

ఎన్‌వీఎంఈ గొప్పదే, కాదనను. పీసీఐఈ 3.0 ఎక్స్4 (నాలుగు దారుల) స్లాట్ మీద సెకనుకి 3500 ఎంబీ చదివేవి ఉన్నాయి. మన పాత బోర్డులో ఎన్‌వీఎంఈని బిగించే ఎం.2 స్లాట్ ఉండదు కాబట్టి అడాప్టర్ కార్డు పెట్టాలి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే పెద్ద స్లాట్ దానికే పోతుంది, మిగిలేది ఒక్క దారే ఉన్న చిన్న ఎక్స్1 స్లాట్. అది పీసీఐఈ 2.0 అయితే 500 ఎంబీ దాటదు. ఎక్కువ ఖర్చు పెట్టి మళ్లీ సాటా వేగం దగ్గరకే వచ్చామన్నమాట.

అసలు చిక్కు బూటింగ్, అంటే ఆ డ్రైవ్ నుంచే విండోస్ మొదలవడం. బావగారి దగ్గర పనిచేసే కుర్రాడు అంతకుముందే ఒక దుకాణంలో "సాటా కంటే ఆరు రెట్లు ఫాస్ట్" అన్న మాట నమ్మి ఎన్‌వీఎంఈ, అడాప్టర్ కలిపి తెచ్చాడు. బిగించాక విండోస్‌లో ఇంకో డ్రైవ్‌గా చక్కగా కనిపించింది. బయోస్‌లో (ఆన్ చేయగానే మదర్‌బోర్డు నడిపే ప్రోగ్రామ్) బూట్ జాబితా తెరిస్తే దాని ఊసే లేదు. ఆ తరం బయోస్‌లకి ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవడం తెలియదు. బయోస్ మార్చి రాయడం, పెన్‌డ్రైవ్‌లో బూట్‌లోడర్ పెట్టడం లాంటి దారులున్నాయి. రిటర్నుల గడువు నెత్తిమీద ఉన్న ఆఫీసులో అవి వద్దు. పెట్టె తెరిచారు కాబట్టి వెనక్కి తీసుకునేది లేదన్నారు దుకాణంవాళ్లు. ఆ డబ్బు పోయినందుకు ఆ పిల్లాడు రెండ్రోజులు ముఖం చూపించలేదు. అమ్మేముందు "మీ బోర్డు ఏది?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

చివరికి ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి 500 జీబీ సాటా తెచ్చాం. సాటా రకంలో డీర్యామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుంచుకోవడానికి ఎస్‌ఎస్‌డీలోనే ఉండే చిన్న మెమరీ) ఉన్నది దొరికితే దానికే మొగ్గండి. డీర్యామ్ లేని ఎన్‌వీఎంఈ కంప్యూటర్ ర్యామ్‌లో కొంచెం అరువు తెచ్చుకోగలదు, సాటాకి ఆ వీలు లేదు. శామ్‌సంగ్ 870 ఈవోలో డీర్యామ్ ఉంది, క్రూషియల్ బీఎక్స్500లో లేదు. ట్యాలీ, బ్రౌజర్ వరకైతే రెండోదీ సరిపోతుంది. 120 జీబీది మాత్రం వద్దు, విండోస్, దాని అప్‌డేట్లు, మీ ఫైళ్లతో త్వరగా నిండిపోతుంది.

మిగతా దారుల సంగతి రెండు ముక్కల్లో. ర్యామ్ ఒక్కటే పెంచితే ఆన్ అయ్యే ఆలస్యం అలాగే ఉంటుంది. 4 జీబీయే ఉంటే ఎస్‌ఎస్‌డీతో పాటు 8 చేయించండి, పాత డీడీఆర్3 రకం ర్యామ్ అయినా పర్లేదు. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ ఆలోచన వదిలేయండి, హెచ్61 చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 3.0 లేనేలేదు, పాత యూఎస్‌బీ 2.0 మీద అది నత్తనడకే.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈ (పాత పద్ధతి) అని ఉంటే, విండోస్ ఎక్కించడానికి ముందే ఏహెచ్‌సీఐకి (కొత్త పద్ధతి) మార్చండి, తర్వాత మారిస్తే విండోస్ మొదలవకుండా నీలి తెర వచ్చే ప్రమాదం ఉంది. ఇన్‌స్టాల్ అయ్యేదాకా పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకి ఉంచండి. లేకపోతే బూట్ ఫైళ్లు వెళ్లి పాతదాంట్లో కూర్చుంటాయి, రేపు అది పోతే కొత్తదీ లేవదు.

కొత్త కంప్యూటరే కొనొచ్చుగా అంటే, ఆ మాటలో న్యాయం ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మూడో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకోదు. క్లయింట్ల పాన్, ఆధార్ వివరాలున్న మెషీన్ విషయంలో ఇది చిన్న సంగతి కాదని బావగారికి గట్టిగానే చెప్పాను. ఇప్పుడు ట్యాలీ నిమిషంలోపే తెరుచుకుంటోంది. ఈ సీజన్ దాటాక సాటా పోర్టున్న కొత్త డెస్క్‌టాప్ తీసుకుని, ఇదే ఎస్‌ఎస్‌డీని అందులోకి మార్చుకుంటానన్నారు.