లారీలో మొహం చూసే కెమెరా: నా రేటింగ్ మూడు స్టార్లు

లారీకి ఏఐ కెమెరా పెట్టించాలా వద్దా అని ఆటోనగర్‌లో ఎవరిని కదిపినా ఇదే మాట, అందుకే రాస్తున్నా. కంపెనీ పేరు రాయను. నాది పన్నెండు టైర్ల బండి, ఓనరూ నేనే డ్రైవరూ నేనే, ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి అటాచ్‌మెంట్‌లో తిప్పుతున్నా. సరదాపడి పెట్టించుకున్నది కాదు. లోడు కావాలంటే బిగించుకోమన్నారు, డబ్బులు కిరాయిలోంచి నెలనెలా కోసుకుంటున్నారు.

జీపీఎస్ డబ్బా, డీజిల్ ట్యాంకులోకి దించే సెన్సార్ రాడ్డు, అద్దానికి అతికించే కెమెరా, ఇదీ సెట్టు. కెమెరాకి ఒక కన్ను రోడ్డు వైపు, ఇంకో కన్ను మన మొహం వైపు.

ముందు మంచి చెప్తా. చీకట్లో కూడా కళ్లు మూతపడ్డాయా లేదా అన్నది బాగానే పట్టుకుంటుంది. తెల్లవారుజామున ఒంగోలు నుంచి నెల్లూరు రోడ్డు తిన్నగా ఉండి జోకొడుతుంది, ఆ టైములో అది కూత పెట్టిందంటే ఒళ్లు జలదరించి లేవాల్సిందే. రోడ్డు వీడియో అయితే డబ్బుకి తగ్గ వస్తువు. ఒక ఆటో పక్కనుంచి గీరుకుంటూ పోయి తప్పు నాదేనని కూర్చుంటే వీడియో చూపించా, పంచాయితీ అక్కడితో ఆగింది. ఏం జరిగినా పెద్ద బండిదే తప్పు అనే మన రోడ్డు న్యాయానికి ఇంతకన్నా మందు లేదు.

ఇక స్కోరు, అంటే మన డ్రైవింగ్‌కి ఇది వేసే మార్కులు. గడ్డం గోక్కున్నా ఫోన్ మాట్లాడుతున్నావంటుంది, గట్టిగా బ్రేక్ వేస్తే మార్కులు పోతాయి. గేదె అడ్డమొచ్చినప్పుడు బ్రేక్ వేయకపోతే స్కోరు నిలబడుతుంది, గేదె నిలబడదు. అన్నిటికన్నా విచిత్రం, కంట్రోల్ రూమ్ వాళ్లే "ఎందుకు ఆగారు, ఎప్పుడు కదులుతారు" అని నడుపుతుండగా ఫోన్ చేస్తారు, ఎత్తితే కెమెరా రాసుకుంటుంది, ఎత్తకపోతే వాళ్లు రాసుకుంటారు.

డీజిల్ రాడ్డు ఇంకో తలనొప్పి. బిగించేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి కొంచెం కొంచెంగా పోస్తూ లెక్క సరిచూడాలి, నాకు వచ్చిన కుర్రాడు గబగబా కానిచ్చేసి పోయాడు. ఘాట్‌లో ఏటవాలుగా ఆపితే చాలు, డీజిల్ దొంగతనం అని మెసేజ్. ట్యాంకు నాది, డీజిల్ నాది, దొంగనూ నేనేనట!

జీతానికి నడిపేవాళ్ల బాధ వేరు. మా పక్క బండి డ్రైవరుకి స్కోరు తగ్గిందని బత్తాలో కోత పడింది. క్యాబిన్ అంటే మాకు నడిపే చోటు మాత్రమే కాదు, పడుకునేది, బట్టలు మార్చుకునేది అక్కడే. కెమెరా మీద తువ్వాలు కప్పితే ట్యాంపరింగ్ అని అలర్ట్ పోతుంది. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషమే, కానీ ఇంజిన్ ఆడకుండా ఆ ఏసీ రాదు. మే నెలలో అన్‌లోడింగ్ లైన్లో ఇంజిన్ వేసుకుని పడుకుంటే ఐడ్లింగ్ అని యాప్‌లో ఎర్రగీత.

నా అసలు గొడవ ఇక్కడే. ఫాస్టాగ్ తప్పనిసరైన 2021 నుంచి పొట్టిపాడు, కాజ, బొల్లాపల్లి ఏ టోల్‌గేటు దాటినా మెసేజ్ పోతూనే ఉంది, నిఘా మాకు కొత్త కాదు. గోడౌన్ గేటు ముందు పగలంతా నిలబెట్టి, రాత్రికి ఖాళీ చేసి, తెల్లారేసరికి ఇంకోచోట లోడుకి ఉండాలంటారు. సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు లెక్కలో 200 కిలోమీటర్లకి ఒక రోజు ఇస్తారు, సరుకు పార్టీ మాత్రం గంటల్లో అడుగుతుంది. గేటు దగ్గర ఎంతసేపు ఆగామో జీపీఎస్‌కి నిమిషాలతో సహా తెలుసు. బండి ఊరికే నిలబెట్టినందుకు ఇచ్చే హాల్టింగ్ చార్జీ అడగడానికి ఆ రిపోర్టు ఇవ్వమంటే "డ్రైవర్ లాగిన్‌లో అది రాదన్నా" అన్నారు. నా కునుకు లెక్క వాళ్లకి క్షణాల్లో కావాలి, నేను కాచుకున్న గంటల లెక్క మాత్రం నాకే చూపించరు.

మోటారు కార్మికులకి రోజుకి 8 గంటల పని, ఏకబిగిన 5 గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి అని 1961లోనే చట్టం రాశారు. అమెరికాలో 2017 డిసెంబర్ నుంచి లారీల్లో ఎలక్ట్రానిక్ డబ్బా గంటలు లెక్కపెడుతోంది, 11 గంటలు నడిపాక ఆపాల్సిందే. దాని మీద అక్కడి డ్రైవర్లూ గొడవ చేశారు, అయినా ఇంకో ట్రిప్పు పొమ్మనేవాడికి చూపించడానికి చేతిలో ఒక లెక్క ఉంటుంది. మన డబ్బా డ్రైవరుని లేవమంటుందే గానీ, వాణ్ని కాసేపు పడుకోనివ్వమని ఆఫీసుకి ఒక్క మెసేజ్ పెట్టదు.

కొనేవాళ్లు హాల్టింగ్ రిపోర్టు డ్రైవర్ లాగిన్‌లో వస్తుందా అని ముందే అడగండి, రాదంటే ధర తగ్గించమనండి. మాటలు తెలుగులో పెట్టించుకోండి, నాది ఇంకా హిందీలోనే అరుస్తోంది. మొహం వైపు కెమెరా ఇంజిన్ ఆపాక ఆగుతుందో లేదో దగ్గరుండి చూసుకోండి. సొంత బండి సొంతంగా నడుపుకునేవాళ్లకి డీజిల్ రాడ్డు శుద్ధ దండగ, అది లేకుండా సెట్టు ఇస్తారేమో గట్టిగా అడగండి.