‘వెదురు మేజోళ్ళ’ కట్టలు కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల రోజంతా బూట్లతోనో గంబూట్లతోనో పని చేసుకునేవారూ, ఇంట్లో పెద్దవారి కోసం మేజోళ్ళు తెప్పించే ఆలోచనలో ఉన్నవారూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. “నూటికి నూరు శాతం వెదురు నార, చెమట వాసన రాదు, ఏళ్ళ తరబడి మన్నుతాయి” అంటూ ఫోనులో వచ్చే ప్రకటనల ద్వారా కట్టలు కట్టలుగా మేజోళ్ళు అమ్ముతున్నారు. సరుకు ఇంటికి వచ్చాకే డబ్బు కట్టవచ్చు కాబట్టి కొనేవారికి ధైర్యంగానే ఉంటుంది. రొయ్యల చెరువుల మీద పనికి నా కోసమూ, పొద్దున్నే కాలువ గట్టున నడిచే మా నాన్నగారి కోసమూ నేను ఈ వర్షాకాలంలో ఆ మేజోళ్ళు తెప్పించాను.

చేతిలోకి తీసుకున్నప్పుడు అవి ఎంతో మెత్తగా ఉన్నాయి. గంబూట్లలో వాడడం మొదలుపెట్టిన నెల తిరగకముందే మడమ దగ్గర నేత పలచబడి, అవతలి వెలుతురు కనిపించేంతగా అరిగింది. వేళ్ళ దగ్గరి కుట్టు ఊడింది. నల్లరంగు పాదాలకూ, కలిపి ఉతికిన బట్టలకూ అంటింది. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది నాన్నగారి కాళ్ళ పరిస్థితి. ఆయనకు చాలాకాలంగా షుగరు వ్యాధి ఉంది. మేజోడు పైపట్టీలోని ఎలాస్టిక్ చీలమండ పైన లోతుగా గాడి పడేలా నొక్కింది, లోపలి లావు కుట్టు చిటికెనవేలిని ఒరిపించింది. పాదాల్లో స్పర్శ తగ్గినందువల్ల ఆయనకు ఆ ఒరుపు తెలియనే లేదు. సాయంత్రం కాళ్ళు కడిగేటప్పుడు అమ్మ చూసింది కనుక అది పుండుగా మారకముందే జాగ్రత్తపడగలిగాము. డబ్బు పోవడం ఒక సంగతి, షుగరు ఉన్నవారి పాదానికి గాయం కావడం వేరే సంగతి. ఇంత వివరంగా రాయడానికి కారణం ఈ రెండోదే.

ఇవి ఇంత త్వరగా ఎందుకు పాడయ్యాయో తెలుసుకుంటే మరొక పేరుతో వచ్చే ఇలాంటి సరుకును కూడా పోల్చుకోవచ్చు. వెదురు పేరుతో అమ్మే మెత్తటి మేజోళ్ళలో ఉండేది దాదాపు ఎప్పుడూ విస్కోస్ దారమే. వెదురును గుజ్జు చేసి, రసాయనాలలో కరిగించి, సన్నటి రంధ్రాల గుండా దారంగా తీస్తారు. మామూలు కలప గుజ్జుతో చేసినా వచ్చేది ఆ దారమే. వెదురుకు సహజంగా ఉందని చెప్పే, క్రిములను అణచే గుణం ఇన్ని మార్పుల తర్వాత దారంలో మిగులుతుందనడానికి ఆధారం లేదని అమెరికాలో వ్యాపార మోసాలపై చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. విస్కోస్ బట్టలను వెదురు బట్టలుగా ప్రచారం చేశారన్న అభియోగంపై 2022లో ఆ సంస్థతో కుదిరిన ఒప్పందం కింద వాల్‌మార్ట్ 30 లక్షల డాలర్లు, కోల్స్ 25 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అంత పెద్ద దుకాణాల విషయంలోనే ఇలా జరిగినప్పుడు, చిరునామా కూడా తెలియని అమ్మకందారు మాటను ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి.

విస్కోస్ చెడ్డ దారమని నేను అనడం లేదు. పొడి వాతావరణంలో, ఇంట్లో వేసుకోవడానికి అది హాయిగా ఉంటుంది. కానీ తడిస్తే ఆ దారం తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది, పత్తి దారమైతే తడిసినప్పుడు మరికొంత గట్టిపడుతుంది. మన డెల్టాలో పాదం పొడిగా ఉండే రోజులెన్ని? గంబూటులోకి గాలి ఆడదు, రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలుసుకోవడానికి చెరువులో దించే చెక్ ట్రేలు చూడడానికి గట్టు దిగితే బూటులోకి నీరు చేరుతుంది, ముసురు పట్టిందంటే ఉతికిన మేజోళ్ళు రెండు రోజులైనా ఆరవు. అలా తడిసి బలం తగ్గిన దారాన్ని మడమ దగ్గర రబ్బరు రోజంతా రుద్దుతూ ఉంటే అది తడి కాగితంలా చిరగక ఏమవుతుంది? ఈ నేలకూ ఈ పనికీ ఎంతమాత్రం పనికిరాని సరుకును “ఆరుబయట కఠినమైన పనులకు ప్రత్యేకం” అని అమ్మడమే ఇక్కడ జరిగిన మోసం.

అలాగని “నూరు శాతం కాటన్” అన్న మాటకు పడిపోవడమూ సరికాదు. అచ్చంగా పత్తితో అల్లిన మేజోడు సాగిపోయి కాలి మీద నిలవదు, తడిని పీల్చుకుని చాలాసేపు వదలదు, ఆ తడిలో వేళ్ళ సందులు తెల్లగా నాని ఒరిసిపోతాయి. రోజువారీ బూట్లకూ పిల్లల బడి బూట్లకూ పత్తి ఎక్కువ పాలు ఉండి, అందులో ఐదోవంతు నుంచి మూడోవంతు దాకా నైలాన్, కొద్ది శాతం ఎలాస్టేన్ అనే సాగే దారం కలిసినవి బాగుంటాయని నా అభిప్రాయం. మేజోళ్ళలో వాడే దారాలలో ఒరిపిడికి బాగా తట్టుకునేది నైలానే కనుక మడమ, వేళ్ళ భాగాలలో అది తప్పనిసరిగా ఉండాలి. గంబూట్ల పనికి పత్తి పాలు తగ్గించి, త్వరగా ఆరే పాలిస్టర్, నైలాన్ కలిపి, లోపలివైపు తువ్వాలులా చిన్న చిన్న ఉచ్చులతో దళసరిగా అల్లినవి తీసుకోవాలి. చలికాలంలో మారేడుమిల్లి వైపు కొండలెక్కేవారికి మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్ని మంచిది. కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది, వాసన పట్టడం తక్కువ. ధర మాత్రం ఎక్కువ. మైదానంలో రోజూ వేసుకోవడానికి అంత ఖర్చు అవసరం లేదు.

దుకాణంలో కొనేటప్పుడు మేజోడును లోపలివైపుకు తిప్పి చూపించమని అడగండి, మంచి సరుకు అమ్మేవారు అందుకు అభ్యంతరం చెప్పరు. వేళ్ళ దగ్గరి కుట్టు మీద వేలు పెట్టి నడిపితే గట్టు తగలకూడదు. మేజోడును బల్ల మీద పరిచినప్పుడు మడమ దగ్గర ఏటవాలు గీతతో సంచిలాంటి మలుపు కనిపించాలి. తిన్నని గొట్టంలా అల్లిన దానిలో మడమ భాగం ఎప్పుడూ సాగే ఉంటుంది, సాగిన చోటనే ముందుగా అరుగుతుంది. పెద్ద పాదాలవారు “ఫ్రీ సైజు” మానుకోవలసింది కూడా ఇందుకే. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగుతుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. దారం కొసను కాల్చి చూసే పద్ధతి మాత్రం ఇక్కడ పూర్తిగా ఉపయోగపడదు. నైలాన్, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడతాయి, ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, కానీ విస్కోస్, పత్తి రెండూ కాగితంలాగే కాలి బూడిదవుతాయి.

షుగరు ఉన్నవారికి వదులైన పైపట్టీ, లోపల కుట్టు తగలని వేళ్ళ భాగం, లేత రంగు ఉన్నవే కొనండి. లేత రంగైతే నెత్తుటి చుక్క గానీ చీము గానీ అంటితే వెంటనే కనిపిస్తుంది. బోదకాలు ఉన్నవారు బిగుతు ఎలాస్టిక్ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వాపు కోసం ఒత్తిడినిచ్చే ప్రత్యేక మేజోళ్ళు అవసరమైతే అవి వైద్యులు కొలతలు చూసి చెప్పవలసినవే తప్ప ప్రకటన చూసి తెప్పించుకునేవి కావు.

నేను అమ్మకందారుకు ఫోటోలతో ఫిర్యాదు చేస్తే “ఒంటికి తగిలే వస్తువులు వెనక్కి తీసుకోము” అన్న ఒక్క సమాధానం వచ్చింది, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. ఆ సమాధానం చట్టానికి నిలవదు. సరుకు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు దానికి లేకపోయినా, దానిని వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం ప్యాకెట్టు మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. నాకు వచ్చిన కట్టల మీద ధర తప్ప ఇవేవీ లేవు. మీకు వచ్చిన పొట్లం మీద చిరునామా కనిపించకపోతే, లోపలి సరుకు ఎంత మెత్తగా ఉన్నా, వేసుకోకుండా అలాగే ఉంచి తిప్పి పంపే ప్రయత్నం చేయండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. నేను నమోదు చేయించాను, డబ్బు ఇంకా రాలేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, అయిదు లక్షల రూపాయలు మించని సరుకు విషయంలో అక్కడ ఫీజు లేదు. ఇలాంటి సరుకు ఇప్పటికే కొన్నవారు ఫోనులో ఆ ప్రకటనకు స్క్రీన్‌షాట్ తీసి ముందుగా భద్రపరచండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేసిన తర్వాత ఆ ప్రకటన కనిపించకుండా పోయింది. దానితో పాటు పొట్లం మీది చీటీ, డబ్బు కట్టిన రసీదు, అరిగిన మేజోడు కూడా పారేయకుండా ఉంచండి.