ట్రాలీ మీద బోటు ఇంజన్: లీవరా, బారా, కిందికే ఉంచడమా?

సాగర్ వెనక జలాల నుంచి సోమశిలకు, డిండికి బోట్లు మార్చుకునే రోజులు వచ్చాయంటే నాకు ఒకటే ఫోన్: "అన్నా, ఇంజన్ పైకి లేపి లీవర్ వేసినం. గంతే సరిపోదా?" ఈ నెలలోనే దేవరకొండ, కొల్లాపూర్ వైపు నుంచి నలుగురు అడిగారు. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

సరిపోదు. లేపిన ఇంజన్‌ను కిందికి దిగకుండా పట్టి ఉంచేది ఆ లీవర్. బోటును ఒడ్డున నిలిపినప్పుడు ప్రొపెల్లర్ నీళ్లలో నానకుండా ఉండటానికి పెట్టిందది. రోడ్డు కుదుపులను తట్టుకోవడానికి కాదు. ఇంజన్‌తో వచ్చే మాన్యువల్ తీసి చూడండి, బండి మీద తీసుకెళ్లేటప్పుడు ఆ లీవర్ మీద ఆధారపడొద్దనే ఉంటుంది. 25 హెచ్‌పీ ఇంజన్ అంటే దాదాపు 50 కిలోలు. లేపి ఉంచినప్పుడు దాని కాలు, అంటే ప్రొపెల్లర్ ఉండే కింది భాగం, బోటు వెనక్కి పొడుచుకొని ఉంటుంది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అది పైకి ఎగిరి కిందికి పడుతుంది. గునపంతో బండను పెళ్లగించినట్టే, ఇంజన్ బిగించిన వెనక పలకను అది పెళ్లగిస్తుంది. ఫైబర్ బోట్లలో ఆ పలక లోపల చాలావరకు ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల దగ్గర సన్నని పగులు వస్తే చాలు, నీరు లోపలికి దిగి చెక్క పుచ్చిపోతుంది. బయటికి ఏమీ కనబడదు.

అన్నిటికంటే మంచిది ఇంజన్‌ను అసలు లేపకపోవడం. నీళ్లలో నడిచేటప్పుడు ఉన్నట్టే నిలువుగా ఉంచితే బరువు సరిగ్గా ఇంజన్‌ను పలకకు పట్టి ఉంచే బ్రాకెట్ మీద పడుతుంది. కంపెనీలు కూడా వీలైతే ఇలాగే తీసుకెళ్లమంటాయి. చిక్కల్లా నేలకు ఎంత ఎత్తు ఉందన్నదే. మా ట్రాలీ మీద ఇంజన్ కిందికి దించితే అడుగు రెక్కకూ రోడ్డుకూ మధ్య జానెడే ఉంటుంది. తారు రోడ్డు మీద అది చాలనిపిస్తుంది. కానీ హైవే దిగి ఊరి కల్వర్టు ఎక్కి దిగేటప్పుడు, నీళ్లు వెనక్కి తగ్గిన రేవులో రాళ్ల మీదుగా ట్రాలీ వెనక్కి పోయేటప్పుడు తోక భాగమే ముందు నేలకు తగులుతుంది. మీకు మూరెడు ఎత్తు ఉంటే ఇక ఆలోచించొద్దు, దించే తీసుకెళ్లండి. లేకపోతే కింద చెప్పే బారే దారి.

బార్ అంటే ఒక కొస ట్రాలీ చట్రానికి, ఇంకో కొస ఇంజన్ కాలికి ఆనే పైపు. పై కొసకు వీ ఆకారంలో రబ్బరు వేసిన పీట ఉంటుంది. మంచి వెల్డర్‌తో ఇక్కడే చేయించుకోవచ్చు. నేనూ అలాగే చేయించాను. ఎత్తు చాలని ట్రాలీకి నా ఓటు దీనికే. అయితే బార్ కొనడమో చేయించడమో అసలు విషయం కాదు. రెండు సంగతులు సరిగ్గా లేకపోతే బార్ ఉన్నా లాభం లేదు, నష్టమే ఎక్కువ.

మొదటిది, కింది కొస ఎక్కడ పెట్టారన్నది. చాలామంది వెల్డర్లు చేతికందుతుందని యాక్సిల్ మీదే క్లాంపు అతికిస్తారు. యాక్సిల్ స్ప్రింగులకు కింద ఉంటుంది, బోటు స్ప్రింగులకు పైన ఉంటుంది. గుంత వచ్చినప్పుడల్లా రెండింటి మధ్య దూరం మారుతుంది, బార్ జాకీలా ఇంజన్‌ను కింది నుంచి పొడుస్తుంది. స్ప్రింగులకు పైన ఉన్న చట్రం అడ్డకమ్మీకే అతికించమని దగ్గర నిలబడి చెప్పండి.

రెండోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది, వెనక బెల్టు. ముందు కొక్కేనికి వించ్ తాడు లాగి కట్టేసి, వెనక వదిలేసేవాళ్లే ఎక్కువ. అలాంటప్పుడు కుదుపుకు బోటు తోక చట్రం మీద నుంచి లేస్తుంది. బార్ మాత్రం చట్రంతోనే ఉంటుంది. రెండేళ్ల క్రితం మాకు జరిగింది ఇదే. అచ్చంపేట దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక బెల్టు వదులై, బోటు ఎగిరి, ఇంజన్ కాలు వీ పీటలోంచి బయటికి వచ్చేసింది. బార్ పక్కకు ఒరిగి, బోటు మళ్లీ పడ్డప్పుడు ఇంజన్ కాలి పక్కన గీసుకుపోయింది. పలకకు ఏమీ కాలేదు గానీ ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి వెనక రెండు మూలలా రెండు రాచెట్ బెల్టులు బిగిస్తాను. వీ పీటలో ఇంజన్ కాలును ఇంకో చిన్న బెల్టుతో కట్టేస్తాను. స్టీరింగ్ నేరుగా పెట్టి మర బిగిస్తాను, లేకుంటే ఇంజన్ పక్కలకు ఊగుతుంది. పది కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి బెల్టులు చూడాల్సిందే. బోటు సర్దుకున్నాక అవి కచ్చితంగా వదులవుతాయి.

ఇంజన్‌ను ఎంత ఎత్తు లేపాలన్నది కూడా బారే తేలుస్తుంది. నేలకు తగలనంత వరకే లేపండి, ఆపైన వద్దు. వీ పీట నీళ్లు పీల్చే జల్లెడల మీద ఒత్తకూడదు.

పవర్ టిల్ట్ ఉన్న, అంటే స్విచ్ నొక్కితే లేచే, పెద్ద ఇంజన్లకు హైడ్రాలిక్ రాడ్డు మీద తొడిగే గొట్టం లాంటి ఆధారం దొరుకుతుంది. రాడ్డు కిందికి జారకుండా అది ఆపుతుంది. ట్రాలీతో సంబంధం లేదు కాబట్టి బోటు కదిలినా ఇంజన్ బోటుతోనే కదులుతుంది. ఆ మేరకు అది బార్ కంటే నయం. పలక మీద భారం మాత్రం తగ్గదు. చేత్తో లేపే ఇంజన్‌కు ఇది పనికిరాదు.

లేపిన ఇంజన్‌కు ఆనించే చెక్క దిమ్మె మాట ఎత్తకండి, రెండు గుంతలకు జారిపోతుంది. పది హెచ్‌పీ లోపు చిన్న ఇంజన్ అయితే విప్పి బండిలో పడుకోబెట్టడమే మేలు. ఫోర్ స్ట్రోక్ అయితే మాన్యువల్‌లో చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేకపోతే ఆయిల్ సిలిండర్‌లోకి పోతుంది.

బయల్దేరే ముందు పెట్రోలు గొట్టం తీసి, ట్యాంకు మూత మీది గాలి మర మూసేయండి. రేవుకు చేరాక ముందు బార్, తర్వాత వెనక బెల్టులు విప్పి, అప్పుడే ట్రాలీని నీళ్లలోకి దించాలి. అక్కడ మాత్రం లీవర్ వేసుకోవచ్చు. బోటు తేలి, కింద లోతు చాలేదాకా ఇంజన్‌ను లేపే ఉంచండి.