పదహారు నెలల వాడకం తరవాత: పసిపిల్లల గాలి తొట్టె, నీటి థర్మామీటరు, మెడ ట్యూబు

పాపకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు, ఫాల్గుణ మాసంలో, నాలుగడుగుల వెడల్పున్న గాలి తొట్టెను, నీటిలో తేలే థర్మామీటరును, మెడకు తగిలించే గాలి ట్యూబును కలిపి కొన్నాము. శ్రీకాకుళంలో మా ఇల్లు నాగావళి గట్టుకు దగ్గర. సెలవు దొరికితే కళింగపట్నం తీరానికి వెళ్ళే కుటుంబం మాది. నీటికి బెదరకుండా, అలాగని నీటిని చులకన చేయకుండా పాప పెరగాలన్నది మా కోరిక.

మెడ ట్యూబును నాలుగు సార్లకు మించి వాడలేదు. గడ్డం కింద ఒత్తుకుని ఎర్రని గీత పడింది. పైగా పాప ఒళ్ళు నిలువుగా వేలాడుతూ ఉండేదే తప్ప ఈతకు కావలసిన బోర్లా తీరు అలవడలేదు. నీటి చికిత్స పేరుతో పసిబిడ్డలకు ఇవి వాడవద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2022లో హెచ్చరించిందని తెలిశాక, ఇంకొకరికి ఇవ్వడానికి కూడా మనసొప్పక కత్తిరించి పారేశాను.

తొట్టె మంచిదే. పది అంగుళాల లోతుకు సుమారు 300 లీటర్లు పడతాయి. వడపోత, క్లోరిన్ లేవు కనుక ఏ రోజు నీళ్ళు ఆ రోజే అరటి పాదులకు వదిలేస్తాము. కొన్న ఐదో నెలలో అడుగు అతుకు దగ్గర గాలి పోతే, తొట్టెతో పాటు ఇచ్చిన ముక్క అంటించాము. అది నేటికీ నిలిచింది. థర్మామీటరు దండగ అనుకున్నాను గాని, వేసవి మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్ళు 40 డిగ్రీలు దాటినట్టు చూపినప్పుడు దాని విలువ తెలిసింది. 32, 33 డిగ్రీలుంటేనే పాపను దింపేదాన్ని. కార్తీకం నుంచి మాఘం దాకా అన్ని నీళ్ళు వెచ్చబెట్టడం గీజరు వల్ల కాక మానేశాము.

అసలు సంగతి తల ముంచడం. ముఖానికి నీరు తగలగానే ఊపిరి బిగబట్టే సహజ స్పందన ఆరు నెలల లోపు పిల్లల్లో బలంగా ఉండి క్రమంగా తగ్గిపోతుంది. దాన్ని చూసి బిడ్డకు ఈత వచ్చేసిందని మురిసిపోవడం ప్రమాదం. ఊపిరి బిగబట్టినా నీళ్ళు మింగుతారు, ఎక్కువగా మింగితే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. ఈత పాఠాలు ఏడాది నిండాక మొదలుపెట్టవచ్చనీ, అంతకుముందు నేర్పితే మునిగిపోయే ప్రమాదం తగ్గుతుందనడానికి ఆధారం లేదనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. పాపకు పదో నెలలో ఒక ఈత కొలనుకు తీసుకువెళితే, అక్కడి శిక్షకుడు ముందుగా ఏమీ చెప్పకుండా పాపను ముంచి తీశాడు. ఉక్కిరిబిక్కిరై దగ్గింది. ఆ తరవాత మూడు వారాలు తొట్టెను చూస్తేనే ఏడ్చేది. నేను అడ్డుపడలేకపోయానన్న బాధ ఇంకా ఉంది.

దారి చూపింది మా అత్తగారు పాపకు చేయించే స్నానమే. పాపను కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసే రోజుల నుంచీ ఆవిడ చివరి చెంబు తల చుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష" అని నెమ్మదిగా పలికాకే పోసేవారు. తొట్టెలోనూ అదే మాట, అదే చెంబు, రోజుకు ఒక్కసారి. కొన్ని వారాలకు "శ్రీ" అనగానే పాప కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు బిగించి, నీళ్ళ కోసం ముఖం పైకెత్తేది. ఏడాది దాటాక నీటిపై బుడగలు ఊదడం నేర్పాను. దసరా సెలవుల్లో, పదిహేనో నెలలో, అడుగున పడిన ఎర్ర డబ్బా మూత కోసం తనంతట తానే ముఖం ముంచి, రెండు క్షణాల్లో మూతతో పైకి వచ్చింది. రెప్పల మీద నీటిబొట్లు అలాగే ఉన్నాయి, ఏడుపు లేదు.

ఇంత అలవాటైనా పాప నీళ్ళలో ఉన్నంతసేపూ నా చెయ్యి అందేంత దూరం దాటను, ఫోను లోపలే వదిలి వస్తాను. పెదవులు నీలం తిరిగినా వణికినా వెంటనే తీసేస్తాను. విరేచనాలున్న రోజు డైపరు వేసి కూడా దింపను. పని అయ్యాక తొట్టె ఖాళీ చేసి గోడకు బోర్లించేదాకా పాపను అత్తగారు ఎత్తుకునే ఉంటారు.