కేఎమ్‌శాన్ చాలాకాలం వాడాక నా అభిప్రాయం, కెర్నల్ ప్రొఫైలింగ్ కోడ్‌లో దొరికిన ఆ బగ్‌తో సహా

కెర్నల్ పనిలోకి ఇప్పుడిప్పుడే దిగినవాళ్ల కోసం రాస్తున్నా. కేఎమ్‌శాన్, అంటే కెర్నల్ మెమరీ శానిటైజర్, 2022 చివర్లో లినక్స్ 6.1తో మెయిన్ కెర్నల్‌లోకి వచ్చింది, దాదాపు అప్పట్నుంచీ డ్రైవర్ల పనిలో వాడుతున్నా. స్లోగా నడుస్తది, మెమరీ విపరీతంగా తినేస్తది, అయినా సరే ఎవరూ ఏమీ రాయని మెమరీని చదివేసే బగ్ పట్టాలంటే దీన్ని మించింది నాకింతవరకు కనపడలేదు.

ముందు ఖర్చు సంగతి. ప్రతి బైట్‌కీ పక్కన అది నిండిందా లేదా అని గుర్తుపెట్టుకునే ఒక షాడో బైట్ ఉంటది, ప్రతి నాలుగు బైట్లకీ ఆ చెత్త ఎక్కడ పుట్టిందో చెప్పే ఇంకో నాలుగు బైట్ల ఆరిజిన్ ఉంటది, అంటే అసలు మెమరీకి రెండింతలు లెక్కలకే పోద్ది. వర్చువల్ మెషీన్ నడిపే క్యూఈఎమ్‌యూలో ఆరు జీబీ ఇచ్చి లోపల ఫ్రీ కమాండ్ కొడితే రెండు జీబీ చుట్టుపక్కలే కనపడుద్ది, మొదటిసారి చూసినోళ్లు వీఎమ్ సెట్టింగ్ తప్పేమో అనుకుంటారు, కాదు. జీసీసీ కంపైలర్‌తో కుదరదు, క్లాంగ్ కంపైలర్ కావాలి, 14.0.6 గానీ ఆ పైది గానీ. బెంజి సర్కిల్ దగ్గర మా ఫ్లాట్‌లో మే నెల మధ్యాహ్నం ఈ బిల్డ్ పెడితే ఏసీ ఉన్నా సిస్టమ్ కాగిపోద్ది, అందుకే ఎండాకాలం బిల్డ్‌లన్నీ రాత్రి భోజనాలయ్యాకే పెడతా.

గుంటూరులో బీటెక్ చదివే మా పిన్ని కొడుకు అడిగాడు, "అన్నయ్యా, కాశాన్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు?" అని. మంచి ప్రశ్నే. కాశాన్, అంటే కెర్నల్ అడ్రస్ శానిటైజర్, చూసేది అడ్రస్‌ని: ఫ్రీ చేసేసినదాన్ని ముట్టుకున్నావా, హద్దు దాటి చదివావా అని. కేఎమ్‌శాన్ చూసేది లోపలున్న విలువని. అద్దెకి దిగిన ఇంట్లో బీరువా నీదే, తాళంచెవీ నీ దగ్గరే ఉంది, కానీ లోపల పాతవాళ్లు వదిలేసిన కాగితాలున్నాయి, వాటిని నీ లెక్కలే అనుకుని చదివేస్తే కాశాన్‌కి అందులో తప్పేం కనపడదురా అని చెప్పా.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కెర్నల్ సోర్స్‌లో ప్రొఫైల్ డాట్ సీ ఫైల్లోది. కెర్నల్ ఎక్కడ ఎక్కువ టైమ్ గడుపుతోందో టైమర్ టిక్ వచ్చినప్పుడల్లా లెక్కేసే పాత ప్రొఫైలింగ్ కోడ్ అది. ఏయే సీపీయూల్ని లెక్కేయాలో చెప్పే మాస్క్ ఒకటుండేది. ఇనిట్ ఫంక్షన్‌లో ముందు ఆ మాస్క్‌కి మెమరీ అలొకేట్ చేస్తారు, తర్వాతి లైన్లలో సీపీయూల లిస్టు అందులోకి కాపీ చేస్తారు. ఇటు టిక్ ఫంక్షన్ ఏం చూస్తదంటే, మాస్క్ అలొకేట్ అయిందా, అయితే ఈ సీపీయూ బిట్ వెలిగుందా అని. అలొకేట్ అయిన క్షణం నుంచే మొదటి ప్రశ్నకి అవును అని వచ్చేస్తది, కాపీ మాత్రం ఇంకా అవలేదు! ఆ సందులో టిక్ పడిందంటే చదివేది చెత్త. మాస్క్ విడిగా అలొకేట్ అయ్యే కాన్ఫిగ్‌లోనే ఇది బయటపడుద్ది, మామూలు కాన్ఫిగ్‌లో అది స్టాటిక్, మొదట్నుంచీ సున్నాలే.

నేను 6.10 మొదటి రిలీజ్ సోర్స్ తీసుకుని మాస్క్ విడిగా అలొకేట్ అయ్యేలా చేసే మాక్స్‌ఎస్‌ఎమ్‌పీ అనే కాన్ఫిగ్ ఆన్ చేసి, ఆ సందు మరీ చిన్నది కాబట్టి అలొకేషన్‌కీ కాపీకీ మధ్య కాసేపు ఆపే ఎమ్‌డిలే ఫంక్షన్ ఒకటి పెట్టి సాగదీసి, సిస్ కింద కెర్నల్ ఫోల్డర్‌లో ప్రొఫైలింగ్ అనే ఫైల్లోకి, ప్రొఫైలింగ్ మొదలయ్యేలా, 2 రాశా, వెంటనే రిపోర్ట్ పడింది. ఈ టూల్ అసలు విలువ ఆ రిపోర్ట్‌లోనే ఉంది. పైన ఒక స్టాక్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే లిస్టు, చెత్త విలువ ఎక్కడ వాడారో చెప్తది, మన కేసులో టైమర్ టిక్ దారి. కింద ఇంకో స్టాక్, ఆ చెత్త ఎక్కడ పుట్టిందో చెప్తది, అది నేరుగా ఇనిట్‌లోని అలొకేషన్ లైన్ దగ్గరికి తీసుకెళ్తది. రెండూ పక్కపక్కన చూస్తే రేస్, అంటే కాపీ అవకముందే టిక్ వచ్చి చదివేయడం, కళ్లకి కట్టినట్టు కనపడుద్ది, లాగ్‌లో రాసే ప్రింట్‌కే అనే ఫంక్షన్ లైన్లు ఒక్కటి కూడా పెట్టక్కర్లేదు.

అసలు దీన్ని బయటపెట్టింది సిజ్‌బాట్, కెర్నల్‌లో బగ్‌లు తనంతట తానే వెతికే టెస్టింగ్ బాట్. మాస్క్‌ని ఇలా విడిగా అలొకేట్ అయ్యేలా మార్చిన ప్యాచ్ 2009లో కెర్నల్‌లోకి వచ్చింది, ఫిక్స్ 2024లో 6.11కి వెళ్లింది. సున్నాలతో నింపి అలొకేట్ చేసి కూడా సరిపెట్టొచ్చు, కానీ ఆ మాస్క్ అసలు అవసరమే లేదని మాస్క్ కోడ్ మొత్తం పీకేశారు. నాకు ఇదే సరైన పని అనిపించింది. నష్టం కూడా పెద్దది కాదు, లెక్కలు రాసే బఫర్ అప్పటికి ఇంకా పుట్టదు, అది లేకపోతే వెనక్కెళ్లిపోయే చెక్ ముందే ఉంది. అయినా ఆ చెక్ రేపు ఎవరైనా తీసేస్తే?

ఇబ్బందులూ ఉన్నాయి. హార్డ్‌వేర్ డీఎమ్‌ఏతో, అంటే సీపీయూతో పని లేకుండా నేరుగా మెమరీలోకి, రాసిన డేటా, ఇన్‌లైన్ అసెంబ్లీ రాసిన డేటా కేఎమ్‌శాన్‌కి ఒక్కోసారి తెలీదు, అప్పుడు లేని తప్పు చూపిస్తది, అన్‌పాయిజన్ ఫంక్షన్ పిలిచి ఇది నిండిందే అని మనమే చెప్పాలి. దాన్ని రిపోర్ట్ నోరు మూయించడానికి వాడకండి, నిజంగా ఎవరు నింపారో చూసుకున్నాకే వాడండి. ఇంకోటి, చెత్తని ఒక చోట నుంచి ఇంకో చోటికి కాపీ చేసినంత మాత్రాన అరవదు, దాని మీద ఇఫ్ కండిషన్ పెట్టినప్పుడో, పాయింటర్‌గా వాడినప్పుడో, యూజర్ స్పేస్‌కి పంపినప్పుడో అరుస్తది, అందుకే రిపోర్ట్ పడిన లైన్ దగ్గరే ఆగకుండా కింది స్టాక్ నుంచి చదవడం అలవాటు చేసుకోండి.

కాశాన్, కేఎమ్‌శాన్ రెండూ ఒకే కెర్నల్‌లో పెట్టనివ్వదు. రెండు బిల్డ్ ఫోల్డర్లు విడివిడిగా ఉంచుకుని, ముందు కాశాన్‌తో టెస్టులన్నీ తిప్పి, అది శుభ్రంగా వచ్చాక రాత్రికి కేఎమ్‌శాన్ బిల్డ్ పెట్టి పడుకుంటే పొద్దున్నకి రిపోర్ట్‌లు రెడీగా ఉంటాయి.