నత్తగుల్ల పొడి పుండు మీద చల్లే ముందు ఇది చదవండి

"ఎలాంటి పుండైనా ఇట్టే మానిపోతుంది, అంతా సహజం" అంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న నత్తగుల్ల పొడికి ఆర్డర్ పెట్టబోతుంటే కాస్త ఆగండి.

మా మామయ్యగారికి షుగర్. కాలి బొటనవేలి కింద పుండు పడితే ఆ పొడి తెప్పించుకుని చల్లుకున్నారు. మంట లేదు కదా, మంచిదే అన్నారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకి చర్మం కాలుతున్నా తెలియదు. పొడి రసితో కలిసి పెచ్చు కట్టింది. చూడటానికి పుండు ఎండినట్టే ఉంది. డాక్టరుగారు సెలైన్‌తో నానబెట్టి పెచ్చు తీస్తే కింద చీము, అంచుల వెంట తెల్లగా చచ్చిపోయిన చర్మం.

నత్తగుల్లలో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. ఉత్తినే నూరి చల్లితే పుండులోకి మురికి చేరుతుంది, టెటనస్ భయం కూడా. బట్టీలో కాలిస్తే అదే సున్నం. వెనకటికి గోడలకు వేసిన గుల్లసున్నం అలా చేసిందే. కాల్చిన సున్నానికి తడి తగిలితే వేడెక్కి చర్మాన్ని తినేస్తుంది. మిగిలిన పొడి చిటికెడు పసుపు నీళ్ళలో వేసి చూశాను. దిష్టి తీసే ఎర్రనీళ్ళలా అయిపోయింది!

అమ్మినాయన్ని అడిగితే ఆయుర్వేదంలో శంఖ భస్మం లేదా అని ఎదురు ప్రశ్న. ఉంది. శంఖాన్ని శుద్ధి చేసి, పుటం పెట్టి (మూసిన మట్టిపాత్రలో కాల్చి), ఎక్కువగా ఆమ్లపిత్తం (ఎసిడిటీ) లాంటి వాటికి కడుపులోకి ఇచ్చే మందు అది. కొరియా క్రీముల పేరు కూడా చెప్పాడు. వాటిలో వాడేది నత్త జిగురు, గుల్ల కాదు. లైసెన్సున్న ఆయుర్వేద మందు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. ఈ ప్యాకెట్ మీద నత్త బొమ్మ, ఫోన్ నంబరు, అంతే. సీలు తీశారు కాబట్టి డబ్బు వాపసు లేదట.

ఇప్పటికే చల్లుకుని ఉంటే పొడిగా ఉన్నది మెల్లగా దులిపేసి, ధారగా పడే నీళ్ళ కింద చాలాసేపు కడగండి. సున్నానికి విరుగుడని నిమ్మరసం పొయ్యకండి. పెచ్చు కట్టి ఉంటే పీకకుండా ఆసుపత్రికి వెళ్ళండి, టీటీ ఇంజెక్షన్ సంగతీ అడగండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యచ్చు. ప్యాకెట్టు, బిల్లు, వాళ్ళతో చేసిన చాట్ మాత్రం పారేయకండి.