ఏరేటర్ మోటార్లకి టాంగ్ టెస్టరే కొనండి

ఆకివీడు దగ్గర మా రొయ్యల చెరువుల మీద ఏరేటర్లకి (నీళ్లని చిలికి ఆక్సిజన్ కలిపే యంత్రాలు) వాడదామని భీమవరంలో క్లాంప్ మీటర్ కొన్నాను, మన ఎలక్ట్రీషియన్లు టాంగ్ టెస్టర్ అంటారే, వైరు ఊడదీయకుండానే కరెంటు ఎన్ని ఆంప్స్ పోతోందో చూపించేది, అదే. 1,200 అయింది. కంపెనీ పేరు రాయట్లేదు, ఆ ధరలో అన్నీ ఇంచుమించు ఇంతే.

షాపులో కుర్రాడు ముందు 250 రూపాయల పసుపు మల్టీమీటర్ చేతిలో పెట్టాడు, "దీంట్లోనూ ఆంప్స్ వస్తాయండీ, 10ఏ హోల్ ఉంది చూడండి" అంటూ. ఉంది, కాదనను. కానీ ఆ డీటీ-830 రకం మీటర్లు కొలిచేది డీసీ కరెంటు మాత్రమే, మన మోటార్లవి ఏసీ. పైగా ఆ హోల్ పక్కన అన్‌ఫ్యూజ్డ్ అని చిన్నక్షరాల్లో ఉంటుంది, అంటే ఆ దారిలో ఫ్యూజు లేదన్నమాట. ఎర్ర వైరు అందులోనే ఉంచేసి, ఓల్టేజీ చూద్దామని స్టార్టర్‌లో రెండు ఫేజుల మీద పెట్టారనుకోండి, 415 ఓల్టులకి డైరెక్ట్ షార్టే, మీటర్ చేతిలోనే పేలొచ్చు. ఏసీ ఆంప్స్ ఉన్న ఖరీదైన మల్టీమీటరైనా వైరు ఊడదీసి మధ్యలో కలపాల్సిందే. తడి గట్టు మీద నిలబడి ఆ పని ఎవడు చేస్తాడండీ?

టాంగ్ టెస్టర్‌కి ఆ గొడవ లేదు. దాని దవడని నొక్కి తెరిచి ఒక్క వైరు చుట్టూ వేస్తే చాలు. ఒక్కటే సుమా, మూడూ కలిపి కేబుల్ మొత్తానికి వేస్తే సున్నా చూపిస్తుంది, మీటర్ పాడైందని కంగారు పడొద్దు. మా 2 హెచ్‌పీ మోటార్లు ఫేజుకి 3 ఆంప్స్ అటూ ఇటూగా లాగుతున్నాయి. మూడు ఫేజులూ దాదాపు సమానంగా ఉండాలి. మూడూ కలిసి పెరిగితే గేర్‌బాక్సో బేరింగో పట్టేస్తోందేమో చూసుకోవాలి, ఒకటి సున్నాకి పడి మిగతా రెండూ ఎగిరితే అది సింగిల్ ఫేజింగ్, అంటే ఒక ఫేజు పోయిందన్నమాట, అప్పటికప్పుడు ఆపకపోతే వైండింగ్ కాలుతుంది, అదే తెల్లవారుజామున అయితే ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది.

ఇక లోపాలు. కింది రేంజే 200 ఆంప్స్, కాబట్టి 3.1కీ 3.2కీ మధ్య తేడా దీనికి పట్టదు. వైరు పొడుగుంటే దవడ లోంచి అయిదు చుట్లు తిప్పి, వచ్చిన అంకెని అయిదుతో భాగిస్తే కాస్త నయం, అయితే స్టార్టర్ డబ్బాలో అంత చోటెక్కడిది. డిస్‌ప్లేకి లైటు లేదు, అసలు అవసరం పడేదే రాత్రిళ్లు కదా, పాలేరు సెల్లు టార్చ్ పట్టుకుంటే గానీ అంకె కనపడదు. ఇన్వర్టర్ బ్యాటరీ డీసీ కరెంటు ఇందులో రాదు, దానికి వేరే మోడల్, రేటు బాగా ఎక్కువ.

ఇంకో అయిదారు వందలు పెట్టగలిగితే లైటు, 20 ఆంప్స్ రేంజ్ ఉన్నది అడగండి, క్యాట్ 3 600 ఓల్టులు అని (అది మీటర్ భద్రతా రేటింగు) ఒంటి మీద ఉందో లేదో చూసుకోండి. 9 ఓల్టుల బ్యాటరీ మాత్రం డబ్బాలో రాలేదు, విడిగా కొనుక్కున్నాను.